నలభై నిమిషాలు కదలకుండా

నగరిలో మా వీధి పెళ్లిళ్లలో భోజనాలయ్యాక చెప్పుకునే కథ ఒకటుంది. చెవి మామ అనే నేతగాడు, తన చెవులు పోయిన సంగతి తనకే తెలియక, రెండు గజాల గుడ్డ పాడుచేసిన కథ. దాన్ని అందరికంటే బాగా చెప్పేవాణ్ణి నేనే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు మార్చాలో, మామ తల పక్కకు వంచి వినే తీరు ఎలా పట్టుకోవాలో నాకు తెలుసు. వక్కాకు నములుతున్నవాళ్లకు పొలమారేదాకా నవ్వించిన రోజులున్నాయి. అయితే ఇరవై రెండేళ్లుగా ఆ కథలోంచి ఒక మనిషిని తప్పించి చెబుతూ వచ్చాను. ఆ మనిషి నేనే. మగ్గం మీద ఆ రెండు గజాలూ నడుస్తున్నప్పుడు చెవి మామ షెడ్డులో లేడు. నేనున్నాను. నడుం నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని, ధ్యానం చేస్తున్నాను.

ఆ కాలంలో చదువుకున్న పిల్లవాడికి ఉద్యోగం రాకపోతే కొందరు జాతకం చూపించేవారు. మా నాయన నన్నే చూపించేవాడు, ఇంటికి వచ్చినవాళ్లందరికీ. "సూడండప్పా వీణ్ణి. మూడు తూర్లు బ్యాంకు పరీచ్చ రాసినాడు. మనసు ఒక తావ నిలిస్తే గదా! తిరునాళ్లలో తప్పిపోయిన దూడ మాదిరి తిరగతా ఉంటాది" అనేవాడు. (వచ్చినవాళ్లు నన్ను నిజంగానే చూసేవారు, దూడ ఎక్కడుందో అన్నట్టు.) నాలుగో పరీక్ష వచ్చేలోగా ఊరికే తిరగడం ఎందుకని నన్ను మా చిన్నాయన మరమగ్గాల షెడ్డులో పెట్టారు. ఎనిమిది మగ్గాలు. లోపలి వైపు నాలుగూ నావి, తలుపు వైపు నాలుగూ చెవి మామవి. పడుగు పోగు తెగితే మగ్గం ఆపి ముడి వెయ్యాలి, అడ్డపోగు చుట్టిన కండె అయిపోతే మార్చాలి. అంతే పని. కానీ ఆ 'అంతే'లో ఒక్క క్షణం ఏమరపాటుకు చోటు లేదు. తెగిన పోగు ఊరికే ఉండదు, పక్క పోగుల్ని చుట్టుకుంటుంది. మగ్గానికి అదేమీ తెలియదు, పాడైన గుడ్డనే బుద్ధిగా నేస్తూ పోతుంది.

చెవి మామ మాకు చుట్టమేమీ కాదు. నాకు మామ అని పిలవడం అలవాటు, ఆయనకు అల్లుడా అనడం అలవాటు. అప్పటికి యాభై దాటి ఉంటాయి. మగ్గాల వైపు వీపు పెట్టి, తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, వీధి చూస్తూ వక్కాకు నమిలేవాడు. అలా నములుతూనే, "అల్లుడా, నీ రెండోదానికి పోగు తెగింది, పో" అనేవాడు. వెళ్లి చూస్తే తెగి ఉండేది. ఎనిమిది మగ్గాలు టకాటక్ టకాటక్ అని మోగుతుంటే, పక్కవాడి మాట వినాలన్నా చెవిలో నోరు పెట్టాల్సిన చోట, ఆయనకు నూలుపోగు తెగడం వినబడేది. మొదట్లో నేను నమ్మలేదు. ఎట్లా మామా అని అడిగితే, "మగ్గం మాట్లాడతాదిరా. పోగు తెగితే నత్తి వస్తాది. బాగా మాట్లాడేవోనికి ఉన్నట్టుండి నత్తి వస్తే నీకు తెలీదా?" అన్నాడు. ఆరు నెలలు నా చెవిని పట్టుకుని ఆ నత్తి నేర్పించాడు. తన ముడి కూడా నేర్పాడు. బొటనవేలి గోరుతో నొక్కి తిప్పే చిన్న ముడి, పోగులు దూరే పన్నె పళ్ల సందులోంచి జారిపోయేంత సన్నం. ఆ ముడి మా వీధిలో ఇద్దరే వేసేవాళ్లం.

ఇక ధ్యానం సంగతి. మనసు నిలవడానికి తిరుపతిలో ఆదివారం ఆదివారం ఉచితంగా ధ్యానం నేర్పుతున్నారని మా నాయనకు ఎవరో చెప్పారు. ఉచితం అనే మాట, తిరుపతి అనే మాట ఒకే వాక్యంలో వచ్చాక మా నాయన ఇంక ఆలోచించలేదు. ఆదివారం తెల్లవారే బస్సెక్కించాడు. ఒక కల్యాణమండపం మేడమీద హాలు. చాపలు. ముప్ఫై మంది దాకా ఉంటారు, ఎక్కువమంది పదవీ విరమణ చేసినవాళ్లు. లెక్కల మాస్టారుగా పనిచేసి మానుకున్న ఒక సారు నేర్పేవారు. కళ్లు మూసుకోండి, శ్వాసను గమనించండి అన్నారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది.

నిశ్శబ్దమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. మా ఊళ్లో మధ్యాహ్నం కరెంటు పోతే ఉయ్యాలలో పిల్లలు కెవ్వుమని లేస్తారు, మగ్గాలు మళ్లీ మొదలైతే నిద్రపోతారు. అలాంటి ఊరివాణ్ణి తీసుకెళ్లి ఆ హాల్లో కూర్చోబెడితే, ఇల్లు కూలబోయే ముందు ఇలాగే ఉంటుందేమో అనిపించింది. శ్వాస ఎక్కడా కనబడలేదు. ముందు వరసలో ఎవరిదో కడుపు గురగురలాడడం, నా చేతి గడియారం, ఫ్యాను రెక్క ఒకటి ఎక్కడో తగలడం, ఇవే వినబడ్డాయి. చెమటలు పట్టాయి. ధైర్యం కోసం నోట్లోనే, పెదవులు కదలకుండా, టకాటక్ టకాటక్ అనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. మరి కొంచెం అనుకున్నాను. కాసేపటికి మోకాలి మీద వేలు కూడా తోడయింది. కళ్లు తెరిచి చూసేసరికి నా వరసలో ఉన్న ఐదుగురు పెద్దమనుషులూ కళ్లు మూసుకుని, నా తాళానికి ముందుకూ వెనక్కూ ఊగుతున్నారు.

"ఎవరు నాయనా ఆ చప్పుడు?" అన్నారు సారు. లేచి నిలబడి, మాది నగరి సార్, మగ్గాల షెడ్డు అని చెప్పుకున్నాను. అందరూ నవ్వారు గానీ సారు నవ్వలేదు. "కొందరికి నిశ్శబ్దంలో కుదురుతుంది, కొందరికి చప్పుడులో కుదురుతుంది. నీ మనసు ఎక్కడ నిలుస్తుందో అక్కడే కూర్చో. ఏ శబ్దం వచ్చినా, వచ్చింది అనుకో. పోయినప్పుడు, పోయింది అనుకో. దాని వెంట మాత్రం లేచి పోవద్దు" అన్నారు. ఇంటి దగ్గర కూర్చోమని ఆయన ఉద్దేశం. డ్యూటీలో కూర్చోమని ఆయన చెప్పలేదు. ఈ ముక్క ఆయన తరఫున ఇక్కడ రాసిపెట్టడం నా బాధ్యత.

సోమవారం నుంచే నా నాలుగు మగ్గాల మధ్య నూలు మూటొకటి లాగి వేసుకుని కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, మొదటి రోజే మనసు పెట్టెలో బట్ట మడిచి పెట్టినట్టు కుదురుకుంది. ఐదు నిమిషాలు, పది, పన్నెండు. మా చిన్నాయన వచ్చి చూసి, "ఏంరా, కూసోనే నిద్రపోతా ఉండావా?" అని అరిచాడు.

"నిద్ర కాదు చిన్నాయనా, ధ్యానం."

"ధ్యానమా! పైత్యమేమన్నా పట్టిందా నీకు? నేను నిన్ను పెట్టింది మగ్గాలు సూసేదానికా, ముక్కు సూసేదానికా?"

తలుపు దగ్గర్నుంచి చెవి మామ అడ్డుపడ్డాడు. "పోనీలే అప్పా. పిలగోడు ఏదో మంచి కోసరం చేసుకుంటా ఉండాడు. వాని నాలుగూ నేను వింటా ఉండా గదా."

ఆ రోజు నుంచి నాకు షెడ్డులో 'సామి' అని పేరు పడింది. నేను కళ్లు మూసుకున్నంతసేపూ ఆయన తన నాలుగూ నా నాలుగూ ఎనిమిదింటినీ విన్నాడు. నావాటిలో ఏదైనా తెగితే తనే లేచొచ్చి ముడి వేసి వెళ్లేవాడు. నన్ను తట్టి లేపేవాడు కూడా కాదు. ధ్యానంలో ఉన్నవాణ్ణి లేపితే పాపమని ఎవరో చెప్పారట. నాకు కళ్లు మూసుకోవడం అంత సుఖంగా ఉండడానికి అసలు కారణం నా సాధన కాదని, ఒక పెద్దాయన నా బదులు చెవులు తెరిచి కూర్చోవడమని నాకప్పుడు తట్టలేదు.

రెండు నెలలకు తిరుపతి క్లాసులో ఒక పోటీ లాంటిది మొదలైంది. సారు పెట్టింది కాదు, మాలో మేము పెట్టుకున్నది. ఎవరు ఎంతసేపు కదలకుండా కూర్చున్నారని. పోస్టాఫీసులో పనిచేసి మానిన ఒకాయన ముప్ఫై అయిదు నిమిషాలన్నాడు. ఆయన మా అందరి వైపూ, ముఖ్యంగా నా వైపు, జాలిగా చూశాడు. బ్యాంకు పరీక్షలో పక్కవాడికి మార్కులెక్కువ వచ్చినప్పుడు కూడా నాకంత ఉడుకుమోత్తనం రాలేదు. వచ్చే ఆదివారానికి నలభై చెయ్యాలని నిర్ణయించుకున్నాను. అహం వదిలించుకునేందుకు చేసే పనిలో మొదటి స్థానం రావాలని పట్టుబట్టినవాళ్లు లోకంలో నేనొక్కణ్ణే కాకపోవచ్చు, కానీ అప్పటికి నగరిలో నేనొక్కణ్ణే.

ఆ శుక్రవారం చెవి మామ భార్య తిరుచానూరు అమ్మవారి దర్శనానికి బయల్దేరింది. చేతిలో బరువుంది, బస్టాండుదాకా తోడు కావాలి. మామ షెడ్డు విడిచి వెళ్లడం నేను చూసింది అదొక్కసారే. "అల్లుడా, నా నాలుగూ నీ చేతికి ఇస్తా ఉండా. అత్తను బస్సెక్కించి దబ్బున వచ్చేస్తా" అన్నాడు. "పో మామా, నేను లేనా" అన్నాను. ఆయన వీధి మలుపు తిరిగాడు. చిన్నాయన ఊళ్లో లేడు. కండెలన్నీ అప్పుడే మార్చాను. గడియారం చూసుకుని మూట మీద కూర్చున్నాను. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

పదో నిమిషమో పదిహేనో నిమిషమో తెలియదు, తలుపు పక్క మగ్గానికి నత్తి వచ్చింది.

ఇదే నేను ఇన్నేళ్లూ చెప్పని మాట. నాకు వినబడింది. నిద్రపోలేదు, మైమరచిపోలేదు. ఆరు నెలలు ఆయన నేర్పిన చెవి, ఆయన నేర్పినట్టే విని, నాకు చెప్పింది. నేను, 'వచ్చింది' అనుకున్నాను. దాని వెంట లేచి పోలేదు. పైగా లేవనందుకు నాకు గర్వంగా ఉంది. ఇంత పెద్ద శబ్దం వచ్చినా చలించలేదే, సారుకు చెబితే ఎంత సంతోషిస్తారో అనుకుంటూ (ఇదంతా ధ్యానంలోనే) నలభై నిమిషాలు పూర్తి చేశాను. కళ్లు తెరిచేసరికి, మళ్లీ మళ్లీ కండె మార్చాల్సిన మిగతా మగ్గాలు కండెలు అయిపోయి, అటూ ఇటూ పరుగెత్తే ఉత్తి నాడెతో ఆడుతున్నాయి. వాటివల్ల నష్టమేమీ లేదు, గుడ్డ ఆగిపోతుందంతే. కానీ తలుపు పక్క మగ్గం కండె పెద్దది, అది ఆగలేదు. తెగిన పోగు పక్కవాటిని చుట్టేసుకుని, జానెడు వెడల్పున పురుగు తిన్నట్టు పాడుచేస్తూ, రెండు గజాలు నడిచేసింది. గబగబా మగ్గం ఆపి చిక్కు తీశాను. ముడి వేశాను. బొటనవేలి గోరుతో, ఆయన నేర్పిన సన్నముడి. పాడైన గుడ్డ, నేసిన గుడ్డ చుట్టుకునే దోనెలోకి వెళ్లిపోయేదాకా మగ్గం తిప్పాను. మిగతావాటికి కండెలు మార్చాను. బస్సు ఆలస్యమై మామ వచ్చేసరికి ఎనిమిది మగ్గాలూ టకాటక్ అని ఆడుతున్నాయి. "ఏమన్నా తెగిందా అల్లుడా?" అన్నాడు చెప్పులు విడుస్తూ. "లేదు మామా" అన్నాను. అబద్ధమని కూడా అనిపించలేదు, రెండు రోజుల్లో తిరుపతిలో చెప్పబోయే విజయం గురించే నా ధ్యాస.

ఆదివారం చెప్పాను కూడా. నలభై నిమిషాలు సార్, మధ్యలో పోగు తెగినా కదల్లేదు అన్నాను. శభాష్ అన్నారు. తిరుపతిలో పోగు తెగడమంటే చొక్కా గుండీ ఊడినంత మాటే అనుకుంటారు, వాళ్ల తప్పు కాదు. పోస్టాఫీసు ఆయన ఆ రోజు నా వైపు చూడనే లేదు.

సోమవారం చిన్నాయన గుడ్డ కోసి బల్ల మీద పరిచాడు. పాడైన రెండు గజాలూ రెండు లుంగీల మీదికి వచ్చి రెండూ పోయాయి. రెండు లుంగీలు పోవడం ఏ షెడ్డులోనూ పెద్ద విషయం కాదు. అవి చెవి మామ మగ్గం మీద పోవడం పెద్ద విషయం. పక్క షెడ్ల వాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. మామ గుడ్డ దగ్గరికి వంగి, చిక్కు పడిన చోటంతా వేలితో తడుముకుంటూ పోయి, చివర ముడి దగ్గర ఆగాడు. గోటితో దాన్ని ఎత్తి చూశాడు. "ముడి నాదే" అన్నాడు నెమ్మదిగా. రోజుకు యాభై ముళ్లు వేసేవాడికి ఏ ముడి ఎప్పుడు వేశాడో ఏం గుర్తుంటుంది? తర్వాత నా వైపు తిరిగాడు. "అల్లుడా, నేను బస్టాండుకు పోయినప్పుడు గాదు గదా ఇది?"

అందరూ నన్ను చూస్తున్నారు. చిన్నాయన చూస్తున్నాడు. అప్పుడు చెప్పి ఉంటే రెండు తిట్లు, ఒక చెంపదెబ్బ. అంతకు మించి ఏమీ పోయేది కాదు.

"లేదు మామా. అప్పుడేం తెగలేదు" అన్నాను.

"అట్లయితే నేను ఈణ్ణే ఉండా. ఈడ కూసోనే ఉండా" అన్నాడు. మాకెవరికీ కాదు, తనకు తానే చెప్పుకున్నాడు. "రెండు గజాలు నత్తి కొట్టింటే నాకు వినబల్యా."

చిన్నాయన కోపగించుకోలేదు. అది ఇంకా ఘోరమైంది. "పోనీలే పెద్దాయనా, వయసుకు చెవి మందగిస్తాది. అందరికీ వచ్చేదే" అన్నాడు. మరుసటి వారం ఆయన్ను మగ్గాల మీంచి తీసి, వెనక వసారాలో ఆడవాళ్లతో పాటు కండెలు చుట్టే పనిలో పెట్టాడు. ఆయన నాలుగు మగ్గాలూ నాకిచ్చాడు. ఎనిమిది మగ్గాలు చూసుకోవాల్సి రావడంతో నా ధ్యానం ఆగిపోయింది. లేదా దానికి నేను చెప్పుకున్న కారణం అది. మామ మొదట్లో దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి, వెనకనుంచి చిటిక వెయ్యమని అడిగి, తన చెవుల్ని పరీక్ష పెట్టుకునేవాడు. వినబడేది. "చిటిక వినబడతాది అప్పా, పోగే వినబల్యా" అనేవాడు. జనం నవ్వేవారు. కథ పుట్టింది అక్కడే. ఆరు నెలలకు భార్యతో తిరుచానూరు వెళ్లిపోయాడు, అక్కడ ఆమె తమ్ముడికి పూల కొట్టుందని. నాకు నాలుగో, ఐదో బ్యాంకు పరీక్షల్లో కాకపోయినా వేరే పరీక్షలో చిత్తూరులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది. కథ చెప్పడం బాగా వచ్చింది.

పోయిన ఏడాది రక్తపోటు ఎక్కువగా ఉందని డాక్టరు నన్ను రోజూ పొద్దున కాసేపు ధ్యానం చెయ్యమన్నాడు. అలవాటుందండీ అన్నాను గొప్పగా. మరుసటి రోజు కుర్చీలో కూర్చుని (ఇప్పుడు కింద కూర్చుంటే లేవడానికి మనిషి కావాలి) కళ్లు మూసుకున్నాను. మూడో శ్వాసకు తలుపు పక్క మగ్గానికి నత్తి వచ్చింది. వచ్చింది అనుకున్నాను. పోయింది అనుకోవడానికి అది పోలేదు. నెల రోజులు అదే వరస. రక్తపోటు తగ్గకపోగా నాలుగు గీతలు పెరిగింది. మాత్ర మారుస్తానన్నాడు డాక్టరు. మాత్రతో పోయేది కాదని ఆయనకెలా చెప్పను? సెలవు పెట్టి తిరుచానూరు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, నూలు మూట మీద కళ్లు మూసుకుని మెడ నిక్కించుకున్న ఆ ఇరవై నాలుగేళ్ల సామిని తలుచుకుంటే నవ్వొచ్చింది. పాపం, ఎంత కష్టపడి కదలకుండా కూర్చున్నాడు. లేచి నాలుగడుగులు వేస్తే సరిపోయేది.

పూల కొట్టు లాడ్జీల సందులో ఉంది. అత్త మల్లెలు గుట్టగా పోసుకుని కూర్చుంది. మామ పక్కన పీట మీద మాల కడుతున్నాడు, చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టింది అత్తే. "నగరి అల్లుడొచ్చినాడు" అంది మామతో. ఒక్క క్షణం ఆగి, "నగరి అల్లుడొచ్చినాడు" అని మళ్లీ అంది. నా వైపు తిరిగి, "కాఫీ తాగతావా అప్పా? కాఫీ తాగతావా?" అంది. పూలు అడిగిన యాత్రికురాలికి కూడా, "ఇప్పుడే వచ్చినాయమ్మా. ఇప్పుడే వచ్చినాయి" అని చెప్పింది. ఏంటత్తా ప్రతిదీ రెండుసార్లు చెబుతున్నావు అని అడిగేశాను.

"మీ మామతో వచ్చిన తంటా ఇది. వినబడతాది అప్పా ఆయనకు, బాగానే వినబడతాది. అయినా ఒకతూరి చెప్తే నమ్మడు. సరిగ్గా విన్నానో లేదో, ఇంగోతూరి చెప్పు అంటాడు. నగరి నుంచి వచ్చినప్పటి నుంచి ఇదే. చెప్పి చెప్పి నాకు నోట్లో అట్లే పడిపాయ."

చెప్పడానికి మంచి మాటలు చాలా కూర్చుకున్నాను బస్సులో. అవన్నీ అక్కడే పోయాయి. మామ ముందు గొంతుక్కూర్చుని, బస్టాండు, మూట, గడియారం, అన్నీ చెప్పాను. ఆయన చేతిలో దారం ఆగిపోయింది.

"నత్తి వచ్చిందా?"

"వచ్చింది మామా."

"నీకు వినబడిందా?"

"వినబడింది."

"విని లెయ్యలేదా?"

"లెయ్యలేదు."

"ముడి?"

"నేనే ఏసినా. నువ్వు నేర్పించిందే."

ఆయన ముఖం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. "నేను ఆడ లేను గదరా! లేనోనికి ఎట్ల వినబడతాది? ఇన్నేండ్లు నా చెవుల్ని నేను నమ్మకుండా పోతి గదరా. పిలిస్తే పలికేదానికి గూడా బయపడితి" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పూలు కొనడానికి వచ్చినవాళ్లు ఆగి చూస్తున్నారు.

"తప్పయిపోయింది మామా. పోగు పోనిచ్చింది నేను, దాన్ని దాచింది నేను, నీ చెవులు పోయినాయని ఊరంతా చెప్పి నవ్వించింది నేనే. నీ చెవుల్లో ఏ తప్పూ లేదు. అత్తా, నీకు కూడా చెప్తా ఉండా. నన్ను క్షమించండి" అన్నాను.

ఆయన ఆగిన దారాన్ని మళ్లీ వేళ్లకు చుట్టుకున్నాడు. తర్వాత, "ఇంగోతూరి చెప్పు" అన్నాడు.

"వినబడలేదా మామా?"

"బాగా వినబడింది. ఇంగోతూరి చెప్పు."

చెప్పాను.